ఎమ్మిగనూరులో నేను మాన్పించిన సోమవారాలు

ఆదివారం సాయంత్రం సికింద్రాబాదులో ఎక్కిన బండి సోమవారం తెల్లారి ఐదున్నరకు ఆదోనిలో దించింది. మీరెవరైనా ఆ దారిన వెళ్తే స్టేషను బయట ఆటోవాళ్ల తొందరను పట్టించుకోకండి. ముందు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినండి. నేను రెండు ప్లేట్లు లాగించాను. తప్పు ఒప్పుకోవడానికి పోతున్నవాడికి అంత ఆకలేమిటో!

సంస్థల పనితీరు మార్చడం నా వృత్తి. మూడేళ్ల కిందట ఎమ్మిగనూరు పేటలో ఒక చిన్న చేనేత సంఘానికి సలహా చెప్పడానికి వచ్చాను. అక్కడ ప్రతి సోమవారం నేతగాళ్లు తమ చీరలు తెచ్చి బల్ల మీద పరిచేవారు. ఈరన్న అనే పెద్దాయన నేత మీద అరచెయ్యి ఆనించి నలుగురిలో గట్టిగా అనేవాడు: "ఈడ నేత బిగుసుకునింది. గురువారం ఇంట్లో కొట్లాడినారా ఏమప్పా?" అందరూ నవ్వేవారు. ఆ నవ్వుల్లోనే ఇంటి కష్టం కూడా బయటికొచ్చేది.

సగం రోజు వృథా, పైగా మనిషికి అవమానం అని తేల్చేశాను. వ్యాను ఇంటికే వెళ్లి చీర తెస్తుంది, తప్పులుంటే చీటీ మీద రాసి పంపుతారు అన్నాను. వ్యాను సందులో తిరగదన్నారు, దుమ్ము లేస్తుందన్నారు. ఒక్కో అభ్యంతరాన్నీ కొట్టిపారేశాను. వాళ్లు పట్టిన కుందేలుకు మూడే కాళ్లని నివేదికలో ఎగతాళిగా రాశాను. ఈరన్నను గోదాములో లెక్కలకు వేశారు. నెల తిరక్కుండా ఆయన మానేశాడు.

ఏడింటికి ఎమ్మిగనూరు బస్సు ఎక్కాను. పక్క సీటాయనది పెద్దకడుబూరు.

"యాడికి పోతాండావన్నా?"

మగ్గాల పని మీదన్నాను.

"మా బామ్మర్ది నేసేటోడు. చీటీలు చూసీ చూసీ మనసిరిగి బెంగళూరుకు పోయినాడు, సెంట్రింగు పనికి."

ఎక్కడని అడిగితే అదే పేట, అదే సంఘం పేరు చెప్పాడు. ఆ చీటీలు పెట్టించింది నేనేనని ఆయనకు చెప్పలేకపోయాను. పత్తి బోరాల లారీ వెనక బస్సు మెల్లగా పోతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఆ సంఘం పని ముగించి వెళ్లాకే నేనొక ఏడాది చదువులో చేరాను. సంస్థల్లో మనుషులు పైకి చెప్పే మాటల కింద ఏ భయాలు, ఏ దుఃఖాలు పనిచేస్తాయో చూడటం నేర్పే చదువు. ఆ నేతగాళ్లు కాదన్నప్పుడు మీకేమనిపించిందని మా టీచరమ్మ అడిగింది. చిరాకన్నాను. ఎవరి మీద అంది. వారం రోజులు ఆలోచించాను. తర్వాత గుర్తొచ్చింది. ఆరో తరగతిలో లెక్కల మాస్టారు నన్ను రోజూ అందరి ముందూ నిలబెట్టేవాడు. నాలోని ఆ పిల్లవాణ్ణి కాపాడబోయి, ఎవరినీ బాధపెట్టని బల్లను తీసేయించాను. వాళ్ల కారణాలకు జవాబు చెప్పానే గానీ, ఒకరికొకరు దూరమవుతామన్న భయం నా చెవికెక్కలేదు.

ఇప్పుడు సగం మగ్గాలే మిగిలాయి. ఈరన్న కూర్చుంటే సోమవారాలు మళ్లీ మొదలుపెడతామని, లేకపోతే సంఘం మూతేనని అధ్యక్షుడు ఫోను చేసి చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి వెళ్లాను.

ఎనిమిదిన్నరకు ఈరన్న ఇల్లు చేరాను. మజ్జిగిచ్చారు. తప్పు నాదేనన్నాను.

"తీసేసినావని కాదప్పా నా బాధ," అన్నాడాయన. "ఈ బల్ల ఎందుకుందని ఆ పొద్దు నన్ను ఒక్క మాట అడిగింటే అయిపాయ."

బల్ల దగ్గర కూర్చుంటానని తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. నా గుండె తేలికపడింది.

పది గంటలకు సంఘంలో బల్ల తుడిచారు. మొదట నరసమ్మ వచ్చింది. పూర్వం ఈరన్న మాటకు మాట అప్పజెప్పేదని ఆమెకు పేరు. చీర పరిచింది. ఆయన అరచెయ్యి ఆనించాడు. అందరం ఆయన నోటికేసి చూశాం. చెయ్యి అంచు దాకా పోయింది.

"ఏమీ తెలీడంలేదప్పా," అన్నాడు నా వైపు తిరిగి. "గుడ్డను చూసి చెప్తాండానని మీరనుకునిరి. వీళ్లు వారం వారం ఈడ చెప్పుకునేటివి కాబట్టే నాకు తెలిసేది. మూడేండ్లాయ, ఎవురింట్లో ఏమి జరిగిందో నాకేం తెలుసు?" ఆమెను అడిగాడు: "ఎట్లుండారమ్మా ఇంట్లో?"

"బాగుండామన్నా."

పరాయివాడికి చెప్పినట్టు చెప్పింది. చెయ్యి చాపింది.

"చీటీ ఇయ్యన్నా, పోతా."

సాయంత్రం నాలుగింటి బస్సుకు ఆదోని తిరిగొచ్చి బండెక్కాను. వచ్చే సోమవారం కూడా కూర్చుంటానని ఈరన్న మాటిచ్చాడు. కూర్చుంటాడు కూడా. కానీ నరసమ్మ మళ్లీ ఎన్నాళ్లకు నోరు విప్పుతుందో నేను చెప్పలేను. పక్కపక్క ఇళ్లలో ఉన్నవాళ్లను నేను పరాయివాళ్లను చేశాను. మేలు చేస్తున్నాననుకునే చేశాను; చెడ్డ ఉద్దేశంతో చేసి ఉంటే ఎవరో ఒకరు నన్ను ఆపేవాళ్లు.