నాయనకిచ్చిన వాయిదా

మా నాయన పోయాడు. ఆదివారం సాయంత్రం నగరి నుంచి మోటార్ సైకిల్ మీద చిత్తూరులో ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, మజ్జిగ అడిగాడు. అమ్మ చెంబుతో వచ్చేసరికి కుర్చీలో తల వాల్చేసి ఉన్నాడు. పెద్దకర్మ కూడా అయిపోయింది. ఏడవాల్సిన నాకు ఇంకా కోపమే తీరలేదు.

నాయన చిత్తూరు కోర్టులో వకీలు. నేను ఆయన కూతుర్ని, ఆయన జూనియర్ని. స్థలం తగాదా ఏదొచ్చినా ఆ స్థలాన్ని తన కాళ్ళతో తొక్కందే వాదించేవాడు కాదు. "కాగితంలో దోవ కనపడదు పాపా, కాళ్ళకే కనపడతాది" అనేవాడు. ఆదివారం వస్తే అమ్మనీ, నన్నూ, తమ్ముణ్ణీ, పులిహోర గిన్నెనీ జీపులో ఎక్కించేవాడు. వేరే పిల్లలు సినిమాకి పోతే మేము సరిహద్దు రాళ్ళు చూడ్డానికి పోయేవాళ్ళం. ఒకసారి పులికాట్ సరస్సులో చేపలు పట్టేవాళ్ళ హద్దు తగాదా కోసం మమ్మల్నందర్నీ పడవెక్కించాడు. అమ్మకి ఒకటే వాంతులు. ఒక చేత్తో అమ్మ నుదురు పట్టుకుని, ఇంకో చేత్తో నీళ్ళలో పాతిన కొయ్యలు చూపిస్తూ, పడవవాణ్ణి ప్రశ్నలడుగుతూనే ఉన్నాడు. అమ్మ టీచరు, పొద్దున్నే బడికి పోవాలి కాబట్టి నా జడ ఆయనే వేసేవాడు. ఒక్కనాడూ సరిగ్గా కుదర్లేదు.

ఆయనకి గిట్టనిది ఒకటే, వాయిదా. "వాయిదా అంటే ఓడిపోయేదే. కాకపోతే తీర్పు కాపీ ఇయ్యరు" అనేవాడు. మా కోర్టులో ఒక ఆనవాయితీ ఉంది. వకీలు ఎవరైనా పోతే ఆ రోజు మిగతా వకీళ్ళంతా పని మానేస్తారు, కేసులన్నీ వాయిదా పడతాయి. తనకి పని నేర్పిన సీనియర్ పోయినప్పుడు కూడా నాయన పొద్దున కోర్టులో నిలబడి వాదించి, మధ్యాహ్నం పోయి పాడె మోశాడు. ఈయనకి మనసే లేదన్నారు. పొద్దున కక్షిదారుకిద్దాం, సాయంత్రం పోయినవాళ్ళకిద్దాం అని వకీళ్ళ సంఘం మీటింగులో చెబితే నవ్వారు.

ఆయన ఆఖరి కేసు నగరిలో మగ్గం నేసే ఒక ముసలామెది. పక్కింటివాళ్ళు ఆమె ఇంటి సందుకి అడ్డంగా గోడ కట్టేశారు. నూలు మూట నెత్తిన పెట్టుకుని, నిచ్చెన వేసుకుని, ఆమె ఏళ్ళ తరబడి ఆ గోడ ఎక్కి దిగుతోంది. కేసు వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి సోమవారం ఆఖరి వాదనలకి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, ఆదివారం పోయి ఆ మూట భుజానేసుకుని గోడ ఎక్కుతానన్నాడు. అక్కడినుంచి ఫోన్ చేస్తే నేను అరిచాను.

"ఆమె దినామూ ఎక్కతా ఉండాది. నేనొకనాడు ఎక్కితే ఏమి? రేపు జడ్జి అడిగితే సెప్పొద్దా?" అన్నాడు.

సోమవారం నాయనని వాకిట్లో పడుకోబెట్టి ఉండగా వకీళ్ళ సంఘం పెద్దలు పెద్ద పూలమాలతో వచ్చారు. పెద్దాయన మీద గౌరవంతో ఈ రోజు ఒక్క కోర్టూ నడవనీయలేదని ఒకాయన నా చెవిలో గొప్పగా చెప్పాడు. నగరి కేసు ఏమైందని అడిగాను. ఎండాకాలం సెలవుల తర్వాతకి పోయిందన్నాడు.

గౌరవమట. మనం రెండు నిమిషాలు మౌనంగా నిలబడి ఇంటికి పోతాం. ఆ మౌనానికి ఎవరెవరి బతుకుల్లో ఎన్ని నెలలు పోతాయో మనకెందుకు? నా గొంతు దానంతటదే లేచింది.

"బతికుండగా మా నాయన్ని ఓడించలేకపోయినారు. ఈ దినం ఓడించినారు. ఆ మాల తీసకపోండి."

తమ్ముడు నా భుజం పట్టుకున్నాడు. ఎప్పుడూ నా నోటికి అడ్డం పడే అమ్మే వాడి చెయ్యి తీసేసింది. వాళ్ళు మాల అరుగు మీద పెట్టి వెళ్ళిపోయారు.

కాసేపటికి ముసలామె వచ్చింది. తొలి బస్సుకే కోర్టుకొచ్చి, వరండాలో నిలబడి, సంగతి తెలుసుకుని నడిచి వచ్చింది. నాయన కాళ్ళ దగ్గర కూర్చుని, మాలో ఎవరికీ ఆయనతో చెప్పడానికి నోరు రాని మాట ఆమె చెప్పింది.

"సామీ, మళ్ళా వాయిదా ఏసినారు."

పాడె లేచేదాకా ఉండి, దండం పెట్టి, బస్టాండు వైపు తిరిగింది. ఇంకాసేపు ఉండి పొమ్మన్నాను.

"లేదు పాపా, పొద్దుండగానే పోవాల. సీకటి పడితే ఆ గోడ ఎక్కలేను" అనింది.