అక్క నేర్చుకున్న తన్ను

మా చిన్నప్పుడు... ఆదోనిలో పత్తి మిల్లు కూత పెట్టగానే నేను సందు మొదటికి పరుగెత్తేదాన్ని. మా అక్క రత్నమ్మ పని దిగి వచ్చే వేళ అది. జుట్టు నిండా దూది నలకలతో, నవ్వుతూ వచ్చేది...

ఒకరోజు నవ్వకుండా వచ్చింది. ఎవడో జులాయి సందులో అడ్డం నిలబడి పమిట లాగాడట. మిల్లు మానేయమంది అమ్మ. అక్క మొహం కడుక్కుని వచ్చి ఒకటే మాట చెప్పింది.

"దారేం వాని సొత్తా? నేను పోయేదే. తన్నేది నేర్సుకుంటా."

మా మేనమామ ఈరన్న ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు, గరిడీ సాము చేసేవాడు. ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు అక్క అడిగింది. మామ మోకాలు రొమ్ము దాకా ఎత్తి, మడమతో సూటిగా తన్ని చూపించాడు. దొడ్డి గోడకు ఆనించిన పత్తి గింజల మూట సొట్టపోయింది... అక్క తన్నబోతే చీర అడ్డం పడి వెల్లకిలా పడింది. కుచ్చిళ్ళు పైకి దోపుకోమన్నాడు మామ. నేను దోపుకునేదాకా వాడు ఆగుతాడా అని అడిగింది అక్క.

పక్కింటి ఖాసీం తాత తాలీంఖానాలో కుస్తీ నేర్పేవాడు. ఆయన పద్ధతి వేరు.

"కుస్తీలో తన్నకూడదు బిడ్డా. కాలు ఊడ్సాల," అన్నాడు.

ఎదుటివాడి భుజం పట్టి లాగి, పాదంతో వాడి చీలమండను పక్కకు ఊడ్చేయాలి. దీనికి చీర అడ్డం రాలేదు. కానీ వాణ్ణి పట్టుకోవాలి కదా... అక్కకు వాణ్ణి ముట్టుకోవడమే ఇష్టం లేదు.

ఇక దొడ్డి తలుపు మూసుకుని తనే మొదలుపెట్టింది. పడింది, లేచింది, మళ్ళీ పడింది. మూట నేను పట్టుకునేదాన్ని. చివరికి మామ మడమనూ తాత ఎత్తునూ కలిపింది. కాలు పెద్దగా పైకి లేవదు... మోకాటి కింద ఎముక మీదికి మడమ సూటిగా పోతుంది. ఒంటికాలి మీద తూలకుండా నిలబడటమే కష్టం. అది వచ్చేదాకా వదల్లేదు.

వాడు మళ్ళీ వచ్చాడు. ఆ సాయంత్రం నేను అక్క చెయ్యి పట్టుకుని నడుస్తున్నాను. వాడు పమిట మీద చెయ్యి వేయబోయాడు... అక్క నా చెయ్యి వదిలింది. మడమ ఎముకకు తగిలిన చప్పుడు నాకు వినిపించింది. వాడు కాలు పట్టుకుని మట్టిలో కూలబడ్డాడు.

పారిపోదామని నేను కొంగు లాగాను. అక్క కదల్లేదు.

"ల్యాచి పక్కకు జరుగు. మా సెల్లెలు పోవాల," అంది.

జరిగాడు... కుంటుకుంటూ. ఆ సందులో మళ్ళీ కనబడలేదు.

తర్వాతి సెలవు రోజున మిల్లులో పనిచేసే ఆడపిల్లలు ముగ్గురు మా దొడ్డికి వచ్చారు, మాకూ నేర్పమని. అమ్మ గడియ పెట్టి వచ్చి, మూట తనే పట్టుకుని నిలబడింది.

మొన్న నా మనవరాలి కరాటే చూడటానికి పోయాను. ఆడపిల్లలు మైదానం మధ్యలో, అందరూ చూస్తుండగా, తల ఎత్తున తన్నుతున్నారు. తల్లిదండ్రులు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు... నేనూ కొట్టాను, చేతులు మండేదాకా. మా అక్కకు ఆ రోజుల్లో ఎవరూ కొట్టలేదు.

మీ ఇళ్ళలో ఇలాంటి అక్కలుంటే వాళ్ళ పేర్లు ఇక్కడ రాయండి... ఒక్కొక్కటే చదువుకుంటాను.