కదలని భుజం

బీదర్ బస్టాండులో వాన వెలిసిన ఆ రాత్రి, తడి నేల మీద మెరిసే లైట్లను ఫోటో తీయబోతే నా చేతులు వణికి ప్రతిసారీ బొమ్మ చెదిరిపోతోంది. పక్కన కూర్చున్న ఒకామె సంచి కింద పెట్టి, నా ముందుకొచ్చి నిలబడింది.

"నా భుజం మీద పెట్టి తియ్యి చెల్లె."

కెమెరా ఆనించాను. షట్టర్ తెరుచుకుని ఉన్న ఆ కొన్ని క్షణాలూ ఆమె ఊపిరి బిగబట్టింది.

ఫోటో చూపించాను. లైట్లన్నీ నిలకడగా వచ్చాయి. ఒకచోట మాత్రం ఎర్రటి గీతలు సాగిపోయాయి. వాటి మీద ఆమె వేలు పెట్టింది.

"ఇగో, ఇవి మా బగ్దల్ బస్సు ఎనక లైట్లు. ఆఖరి బస్సు."

"మరి పోలేదేందక్కా?"

"కదిలితె నీ ఫోటో ఖరాబైతుండె గద."

వెళ్లి మళ్లీ సంచి పక్కన కూర్చుంది.

ఆ ఫోటో చూసినవాళ్లంతా ఎర్ర గీతలే అందమంటారు. నేను అవునంటాను.