పెదనాయన కారు స్టీరింగు విప్పిన మధ్యాహ్నం

ఆ రోజుల్లో చిత్తూరులో కారున్నవాళ్ల కంటే, ఆ కారుకు పెట్రోలు సంపాదించుకోగలిగిన వాళ్లకే మర్యాద ఎక్కువ. మా పెదనాయనకు కారు మాత్రమే ఉండేది. యుద్ధం జరిగినన్నాళ్లూ పెట్రోలు కరువై అది కొట్టంలోనే పడి ఉంది. ఆలోగా ఆయనకు చూపు మందగించింది. అరుగు ముందు ఆగిన గాడిదను పోస్టుమాన్ అనుకుని ఉత్తరాలేమైనా వచ్చాయా అని అడిగిన మనిషి (ఈ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు), మళ్లీ కాస్త పెట్రోలు దొరకసాగగానే, కాణిపాకం దాకా తానే కారు తోలుకుని పోతానన్నారు. వద్దన్నవాళ్లతో మాటలు మానేశారు.

నేనప్పుడు కొత్తగా గుమాస్తా ఉద్యోగంలో చేరి వాళ్లింట్లోనే ఉంటున్నాను. పెద్దమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, ఆయన నిద్రపోయేటప్పుడు కారు స్టీరింగు విప్పి దాచేయమంది. “తిప్పేది లేకుంటే ఇంక యాడికి పోతాడు నాయనా?” అంది. సైకిలు గొలుసు బిగించడం తప్ప నాకేమీ తెలియదు. అయినా ఆమె దృష్టిలో నేనే మెకానిక్కుని.

మధ్యాహ్నం ఇద్దరం చప్పుడు కాకుండా కొట్టంలోకి వెళ్లాం. నడుమనున్న హారను బొత్తాం ఊడదీశాను. దానికింది నట్టు కూడా తీసేశాను. స్టీరింగు మాత్రం అంగుళమైనా కదల్లేదు. ఎదుటి పలకకు కాలు తన్నిపెట్టి, పళ్లు బిగబట్టి లాగుతుంటే, గుమ్మంలో పెదనాయన గొంతు వినిపించింది.

“నట్టు మొత్తం తీసేస్తివా?”

పెద్దమ్మ గోడకానుకుని ఊపిరి బిగబట్టింది.

“మళ్లా రెండు సుట్లు ఎక్కించు. లేకుంటే ఒక్కసారిగా ఊడొచ్చి నీ మొగం పగులుతాది” అంటూ ఆయన తడుముకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నారు. నేను స్టీరింగును అటూ ఇటూ ఊపుతూ లాగాలి, తాను నడిమి కడ్డీ మీద చెక్కముక్క పెట్టి సుత్తితో కొట్టాలి, అదీ పద్ధతి. ఆ చేతికి కళ్లతో పనిలేదు. నాలుగు దెబ్బలకు స్టీరింగు టక్కున వదిలింది. నా తల వెళ్లి సీటుకు కొట్టుకుంది.

నట్టు తీసి, స్టీరింగును ఒళ్లో పెట్టుకుని, పైపంచెతో దాన్ని తుడిచారు. తర్వాత మెల్లగా అన్నారు. “నిన్న మీరెవరూ లేనప్పుడు వీధి కొన దాకా తోలినాను. సింతపండు అమ్మే ఆయమ్మ గంప పారేసి పక్కకు దూకింది. ఆమె తిట్టేదాకా ఆడ మనిషుండాదని నాకు తెలీలా. నేనే తీసేయమందామనుకుంటే నోరు రాలేదు. ఈ మాట మీ పెద్దమ్మకు సెప్పొద్దు.”

పెద్దమ్మ ఆయనకు మూరెడు దూరంలోనే నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మునివేళ్ల మీద నడుస్తూ వెళ్లిపోయింది. కాసేపటికి వంటింట్లోంచి, ఏమీ ఎరగనట్టు, కాఫీకి రమ్మని కేకేసింది.

తర్వాత స్టీరింగు మళ్లీ బిగించి, కూలికి డ్రైవర్ను పెట్టుకుని కాణిపాకం వెళ్లాం. పెదనాయన అతని పక్కన కూర్చుని, ఎద్దులబండి ఎదురైనప్పుడల్లా లేని బ్రేకును కాలితో నొక్కారు. వెనక సీట్లో నేను నవ్వాపుకోలేకపోయాను.

ఇప్పుడు బస్సెక్కి డ్రైవరు వెనక కూర్చుంటే, మలుపు వచ్చినప్పుడల్లా నా కుడికాలు దానంతటదే నేలను నొక్కుతుంది. చిత్రమేమిటంటే, నేను జన్మలో ఒక్కసారైనా కారు తోలలేదు.