అంచులోకెక్కిన నెలలు

మా నాయన ధర్మవరంలో పట్టుచీరల అంచులకు చదరాల కాగితం మీద గ్రాఫు గీసేవాడు, దాన్ని చూసే మగ్గాల మీద అంచు నేసేవాళ్ళు. నన్ను బడికి పంపలేదు. అక్షరాలు, ఎక్కాలు, గీతలు అన్నీ ఆ చదరాల కాగితం మీదే నేర్పాడు. గీసే ముందు బిస్మిల్లా అనుకోవాలి, ఒక చదరం అంటే ఏమిటో మరిచిపోకూడదు. ఆయన పాఠం ఇంతే. అల్లా దయవల్ల నా బతుక్కి అది చాలింది.

తొంభైల చివర్లో పెనుకొండ నుంచి రోజూ బస్సులో వచ్చే నర్సమ్మ ఒకావిడ మా ఇంటికొచ్చింది. మా వీధిలోనూ చుట్టుపక్కలా ఆ ఏడాది పురిట్లో పోయిన బిడ్డల లెక్క ఆమె పుస్తకంలో ఉంది. "బార్ చార్టు గీసియ్యి తల్లీ. చూస్తే భయపడి ఆసుపత్రికి రావాల" అంది.

బార్ చార్టు అన్న మాట నేను వినడం అదే మొదలు, ఎలా గీయాలో ఆమే చెప్పింది. నెలకొక నిలువు పట్టీ, బిడ్డకొక చదరం. అంతవరకు బాగానే గీశాను. ఆపైన చెయ్యి ఊరుకోలేదు. పట్టీకొక రంగు వేశాను, కొసన మామిడిపిందె పెట్టాను. అడుగున చిన్న అక్షరాల్లో 'నెలవారీ వివరాలు' అని రాశాను. పన్నెండో నెల అప్పుడే మొదలైంది కాబట్టి ఆ గడి ఖాళీగా వదిలాను. నర్సమ్మ దాన్ని కొళాయి దగ్గర గోడకు అంటించింది.

బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళంతా గుమిగూడారు.

"అబ్బ, ఎంత బాగుండాదే గోపురం అంచు!"

"చిలకపచ్చ మీదైతే ఇంకా కొట్టొచ్చినట్లు కనపడతాది."

మా వీధిలో గ్రాఫు కాగితానికి వేరే అర్థం లేదు. నాకది తట్టలేదు. పైగా మెచ్చుకున్నారని సంతోషపడ్డాను. అల్లా క్షమించాలి.

మా ఎదురింట్లో మగ్గం నేసే పెద్దాయన ఉండేవాడు, మామా అని పిలిచేదాన్ని. హిందూపురంలో ఇచ్చిన ఆయన కూతురు తొలి కాన్పుకు వచ్చి ఉంది, ఆ నెలలోనే పురుడు. ఆసుపత్రికి తీసుకురమ్మని నర్సమ్మ ఎంత చెప్పినా, "మా ఇంట్లో అందరం ఈ గదిలోనే పుట్టినాం, యాడికీ పోయేది లేదు" అనేవాడు.

రెండు వారాల తరువాత ఒక మిట్టమధ్యాహ్నం. వీధంతా కునుకు తీస్తోంది. ఎదురింట్లో ఒక్క మగ్గం మాత్రం ఆడుతోంది.

"రామ్మా, నీ అంచు చూద్దువు" అని మామ పిలిచాడు.

వెళ్ళాను. ఎర్రపట్టు మీద జరీతో నెలలు వరసగా నిలబడి ఉన్నాయి. నా పటం చూసి, అంచు నమూనాకు చిల్లుల అట్టలు కొట్టించి, దండగా కట్టి మగ్గానికెక్కించాడు. నాలుగో పట్టీ కొసన ఉన్న చదరం మా వదిన బిడ్డ. పూడ్చే ముందు స్నానం చేయించి గుడ్డ చుట్టింది నేనే. ఆ బిడ్డ అక్కడ మెరుస్తోంది. అట్టల దండ ఒక చుట్టు తిరిగి మళ్ళీ మొదటికొచ్చింది. ఏడాది మళ్ళీ మొదలైంది. అదే వరసలో వాళ్ళే మళ్ళీ వస్తున్నారు. చూపు పన్నెండో గడి దగ్గర ఆగింది. అందులో ఒక చదరం ఉంది.

"మామా, ఇది ఖాళీ గదా?"

"చివర పన్ను ఊడినట్లుంటే అంచు అందం చెడతాదమ్మా. ఒక్కటి నేనే పెట్టించినా. ఏం, తప్పా?"

"చీర ఎవరికి?"

"మా పాపకే."

ఆ పిల్ల గడపలో నిలబడి నవ్వింది. "ఇన్నాళ్ళూ ఊరోళ్ళకే నేసినాడు. ఇప్పటికి మా నాయనకు కూతురు కనపడిందక్కా." కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. "లోపలోడు కూడా మగ్గం తొక్కుతాండాడు."

నీళ్ళు తెమ్మని ఆమెను లోపలికి పంపాను.

"మామా, అది అంచు కాదు. ఒక్కో చదరం ఒక బిడ్డ. పోయిన బిడ్డ."

ఆయన నవ్వబోయాడు. తొక్కిన కాలు అలాగే ఉండిపోయింది, లేచిన పోగులు దిగలేదు.

"చివరిది ఏ నెల?"

"ఈ నెలే."

"ముందే చెప్పకపోతివే తల్లీ" అన్నాడు.

ఆ మాట నాకు తగినదే. పొద్దు వాలకముందే కొత్త పటం గీశాను. నెలలు తీసేశాను, రంగులు తీసేశాను. రెండే పట్టీలు, రెండూ నలుపే: ఇంట్లో పుట్టి పోయినవాళ్ళు, ఆసుపత్రిలో పుట్టి పోయినవాళ్ళు. రెండు చోట్లా ఇంచుమించు సమానంగానే కాన్పులైనాయా అని నర్సమ్మను అడిగి తెలుసుకున్నాకే పక్కపక్కన నిలబెట్టాను. పైన పెద్ద అక్షరాలతో రాశాను: 'ఒక చదరం ఒక బిడ్డ. ఇంటి కాన్పుల్లోనే ఎక్కువమంది పోయినారు.'

మరునాడు కొళాయి దగ్గర పాతదాని చోట దీన్ని అంటిస్తే, ఆడవాళ్ళు చదువుతూ నిలబడిపోయారు. బిందెలు పొర్లిపోయాయి. ఒకామె పొడుగు పట్టీ మీద వేలుపెట్టి, "ఇందులో నాది యాడుండాదమ్మా?" అని అడిగింది.

నొప్పులు మొదలైన వెంటనే మామే కూతుర్ని ఆటోలో ఎక్కించాడు. బిడ్డ మెడకు పేగు చుట్టుకుని ఉందట. ఇంకాసేపైతే దక్కేది కాదన్నారు. ఆడపిల్ల, దక్కింది. ఆ రోజు అల్లాకు చేసిన షుక్రు ఇప్పటికీ చాలలేదనిపిస్తుంది.

తరువాత ఆయన మగ్గం మీది గుడ్డ కోసి తెచ్చాడు. కూతురిచేత కట్టించడానికీ కాల్చడానికీ మనసొప్పలేదట. మట్టిలో పెడదామన్నాను. గుంత తవ్వి, పక్కన కూర్చుని, సూదితో ప్రతి వరసలోనూ పన్నెండో గడిలో తాను పెట్టించిన ఆ ఒక్క చదరం జరీని లాగేశాడు. మిగతావాళ్ళను కదిలించలేదు.