గుండె పెద్దదైందన్నాను

గుడివాడలో నా క్లినిక్‌కి పెడన నుంచి రైల్లో వచ్చేవాడు అతను. కలంకారీ అద్దకం పని. గుడ్డ మీద చెక్క అచ్చు పెట్టి, రంగు పట్టేలా పిడికిలితో గుద్దాలి. రోజంతా అదే. ఆయాసం వస్తోందంటే ఎక్స్‌రే తీయించాను. ఫిల్ముని కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాను, నిమిషం కూడా పట్టలేదు. "గుండె పెరిగిందయ్యా. ఇక అచ్చు ముట్టుకోకు" అనేశాను.

నా సిగ్గంతా ఇక్కడే ఉంది. స్టెత్ పెడితే గుండె చప్పుడు శుభ్రంగా వినిపించింది. కాళ్ళ వాపు లేదు. అవన్నీ వదిలేసి ఫిల్మునే నమ్మాను. రెండోసారి వచ్చినప్పుడు, "గుండెకి స్కానింగేదో ఉంటుందంట కదండీ, చేయించమంటారా?" అని అతనే అడిగాడు కూడా. నాకసలే ముక్కు మీద కోపం. "డాక్టర్ని నేనా, నువ్వా?" అని కసిరాను. మందులు తీసుకెళ్ళాడు.

నాలుగేళ్ళు అదే అద్దకం షెడ్డులో ఓ మూల కూర్చుని, మిగతావాళ్ళు అద్దిన దుప్పట్లు మడతపెట్టాడు.

ఆయాసం ఎక్కువై, ఈమధ్య బందరులో ఇంకో డాక్టరుకి చూపించుకున్నాడు. నాకంటే చాలా చిన్నది ఆ అమ్మాయి. ఎకో, అదే అతనడిగిన స్కానింగు, చేయిస్తే గుండె నిక్షేపంలా ఉంది. సీటీ స్కాన్‌లో అసలు సంగతి బయటపడింది. రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథిలోంచి పెరిగిన కొవ్వు గడ్డ. అరుదైనదే గానీ క్యాన్సర్ కాదు. మెత్తగా జారి గుండెని కప్పేస్తుంది, ఎక్స్‌రేలో పెద్ద గుండెలా కనబడుతుంది. చదువుకునే రోజుల్లో నేనూ పరీక్షలో రాసిందే. ఆపరేషన్ చేసి తీసేశారు, ఆయాసం పోయింది.

ఆ ఆసుపత్రి కాగితాలు పట్టుకుని పోయిన వారం నా దగ్గరకొచ్చాడు. వాటిలో నన్ను తప్పుపట్టిన మాట ఒక్కటీ లేదు. తిట్టినా బాగుండేది. నాకోసమని తనే అద్దిన దుప్పటి తెచ్చాడు. అంచు పొడుగునా అచ్చుకీ అచ్చుకీ కలవలేదు.

"చెయ్యి తప్పిందండీ, ఏమనుకోకండి. మీరు పని మాన్పించబట్టే ఇన్నాళ్ళు నిలబడ్డానండీ."

తలెత్తలేకపోయాను. ఊరుకుందామనే అనుకున్నాను, అబద్ధమెందుకు? ఆ దుప్పటి ఒళ్ళో పెట్టుకుని ఊరుకోలేకపోయాను.

"నీ గుండెకి ఎప్పుడూ ఏమీ లేదయ్యా. నేనే సరిగ్గా చూడలేదు. తప్పు నాది."

అతను దుప్పటి అంచుకేసి చూశాడు.

"అయితే ఆ నాలుగేళ్ళూ అచ్చు వేసుకోవచ్చాండి?"

"వేసుకోవచ్చు" అన్నాను.

దుప్పటి నా ఒళ్ళోంచి తీసుకుని, చెదిరిన మడతలు సరిచేసి మళ్ళీ ఇచ్చాడు. మడతలు మాత్రం ఎక్కడా తేడా లేవు.