ఫిల్మ్ నగర్‌లో ముందుగది కాఫీ

పొద్దున్న ఆరున్నరకు తెనాలి స్టేషన్లో నేను బండెక్కి కూర్చున్నాక మా అన్నయ్య కిటికీ దగ్గరకొచ్చి మళ్ళీ మొదలెట్టాడు. "ఒరేయ్, మూడు రోజులే. ఆ సినిమావాళ్ళ ఇళ్ళలో సీసా కాఫీయే తాగుతున్నారా, ఇంకా డికాక్షన్ తాగుతున్నారా, అదొక్కటీ తేల్చుకురా. సీసా కాఫీ అయితే ఫోన్ చెయ్యి. బేరానికొచ్చిన ఆ చీరాల ఆయనకి మర అమ్మేద్దాం."

మర అంటే మా నాన్నగారు కొన్న కాఫీ మర. గింజలు వేయించి, కళ్ళముందే పొడి ఆడించి ఇవ్వడం మా వ్యాపారం. తొంభైలు వచ్చేసరికి టీవీలో ఇన్‌స్టంట్ కాఫీ ప్రకటనలు చూసి మా వీధిలోనే సగం ఇళ్ళు సీసాలకు మారాయి. వేడి పాలలో చెంచాడు పొడి పడేస్తే కాఫీ అట, నా తలకాయ! జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ నిండా మన కోస్తా వాళ్ళే, మరని అక్కడికి తీసుకెళ్ళి కొట్టు పెడతానని నేను. హైదరాబాద్ పేరెత్తితేనే పడదు అన్నయ్యకి. నాకా, ఆ మర తిప్పడం తప్ప ఇంకో పని రాదు. అది పోతే నలభై ఏళ్ళ వయసులో నేను ఎవరి కొట్లో పొట్లాలు కట్టాలి?

బెజవాడలో ఇడ్లీ పొట్లం కొన్నాను. చట్నీ ఇవ్వడం మరిచాడు మహానుభావుడు. ఎదురు సీటులో రిటైరైన హెడ్మాస్టరుగారు ఫ్లాస్కు మూత తీస్తే వాసన నాదాకా వచ్చింది. సీసా కాఫీ.

"ఇంట్లో కూడా ఇదేనాండీ?" అని అడిగాను.

"ఇంట్లో మా ఆవిడ ఏది ఇస్తే అదేనండీ. మనకి నోరుందా?" అన్నారాయన.

వరంగల్లో పులిహోర తిని, రెండింటికి సికింద్రాబాద్‌లో దిగాను. సిటీ బస్సులో నిలబడే ఎర్రగడ్డ చేరాను. నా చిన్ననాటి స్నేహితుడు సుబ్బారావు అక్కడ మార్కెట్ వెనక సందులో ఉంటాడు. సినిమా కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరు. బస వాళ్ళింట్లోనే.

"ఎన్నాళ్ళకి వచ్చారన్నయ్యగారూ!" అంటూ వాళ్ళావిడ సరళ లోపలికి వెళ్ళింది. వంటింట్లోంచి కప్పులో చెంచా టకటకలాడే చప్పుడు వచ్చింది. పొడీ, పంచదారా కలిపి నురగ కోసం గిలక్కొట్టడం అన్నమాట. పూలకప్పు, సాసరు, రెండు బిస్కెట్లు. కాఫీపొడి వ్యాపారికి ఇన్‌స్టంట్ కాఫీ!

"మీరూ ఇదే తాగుతారా అమ్మా?"

"ఇదేనండీ," అంది సరళ, నా మొహం చూడకుండా. సుబ్బారావు పేపరు తిరగేస్తున్నాడు.

మర్నాడు తొమ్మిదింటికి సుబ్బారావు రాసిచ్చిన నాలుగు చిరునామాలూ, కిలో కాఫీపొడి ఉన్న సంచీ పట్టుకుని ఆటో ఎక్కాను. "గా గుట్టల మీదికా? వాపస్ కిరాయి దొరకది సార్, మీటర్ మీద పది రూపాయలు ఇయ్యాలె," అన్నాడు డ్రైవరు. బేరమాడితే ఇంజను ఆపేసి బీడీ తీశాడు. ఇచ్చాను, ఏం చేస్తాను!

జూబ్లీహిల్స్ అంతా బండరాళ్ళు. రాళ్ళ మధ్య మేడలు, మేడల పక్కన మళ్ళీ రాళ్ళు పగలగొడుతున్న కూలీలు. నీళ్ళ ట్యాంకరు పోతే దుమ్ము, స్టూడియో వ్యాను పోతే దుమ్ము. ఇస్త్రీ చొక్కా మొదటి ఇల్లు చేరేసరికే మట్టికొట్టుకుపోయింది.

మొదటిది నిర్మాత ఇల్లు. సోఫాలో కూర్చోబెట్టారు. లోపల టకటక. కప్పు, సాసరు. వాళ్ళావిడది గుడివాడ. "ఈ రోజుల్లో ఫిల్టర్లూ డికాక్షన్లూ ఎవరు పెట్టుకుంటున్నారండీ?" అందావిడ నవ్వుతూ. రెండోది ఒక నటుడిది. అక్కడా అదే. మూడోది ఎడిటరు ఇల్లు, అక్కడా టకటకే. నాలుగో ఇల్లు మాటల రచయితది, ఫిల్మ్ నగర్‌లో. గేటు దాటుతుండగానే లోపల చెంచా మొదలైంది. వద్దమ్మా అంటే వినదు ఆ మహాతల్లి. "మా ఇంటికొచ్చి కాఫీ తాగకుండా వెళ్తారా?" అంటూ కప్పు చేతిలో పెట్టింది. తామూ ఇదే తాగుతామంది. ఒంటిగంటకి నా కడుపులో నాలుగు కప్పుల సీసా కాఫీ, గొంతు దాకా మంట.

ఇక దేనికి చూడటం? చెక్‌పోస్టు దగ్గర ఎస్టీడీ బూత్‌లోకి వెళ్ళి, తెనాలిలో మా కొట్టు పక్క రైసుమిల్లుకి ఫోన్ చేశాను. అన్నయ్యని పిలిచారు.

"నాలుగిళ్ళు చూశానురా అన్నయ్యా. అందరూ సీసాయే. అమ్మేయ్," అన్నాను. ఆ మాట అంటుంటే నాకు ఏడుపొచ్చింది.

"రేపు పొద్దున్న పదింటికి ఆయన్ని రమ్మంటాను," అన్నాడు అన్నయ్య. సంతోషించాడో బాధపడ్డాడో తెలియలేదు.

బూత్ ముందున్న హోటల్లో భోజనం చేశాక చూసుకుంటే సంచీ లేదు. రచయితగారింట్లో సోఫా పక్కన పెట్టి మరిచాను. నా మతిమరుపు మండా అనుకుంటూ మళ్ళీ ఆ ఎండలో వెనక్కి నడిచాను.

మూడున్నరకి గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "సార్ పండుకున్నడు. పక్క నుంచి పోయి వంటింటి కాడ యాదమ్మను అడుగు."

పక్క సందులో పది అడుగులు వేశానో లేదో, వాసన కొట్టింది. పొరపడటానికి లేదు, నేను పుట్టి పెరిగిన వాసన. వంటింటి గట్టు మీద శేరు బియ్యం పట్టేంత ఇత్తడి ఫిల్టరు. దాని ముందు వంటమనిషి యాదమ్మ డికాక్షన్ వంచుతోంది.

"ఇది ఎవరికమ్మా?"

"సార్‌కు, అమ్మకు, పిల్లలకు. ఇంకెవరికి?"

"మరి పొద్దున నాకిచ్చిన సీసా కాఫీ?"

"అది వచ్చిపోయేటోళ్ళకు. గా సీసా రెండు నెలలైనా ఒడవది. గీ పొడి మాత్రం వారం వారం చిక్కడపల్లి దాకా మనిషిని పంపి తెప్పిస్తరు."

"అమ్మగారు ఇంట్లో కూడా సీసాయే తాగుతామన్నారే!"

యాదమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నీకు గా కప్పు ఇచ్చి, మేము గిది తాగుతమని ఎట్ల చెప్తది సార్? ఇజ్జత్ పోదా?"

అదీ సంగతి! ఖరీదైన సీసా కాఫీ మర్యాద. అది చుట్టానికి. అసలు కాఫీ ఇంటివాళ్ళకి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సోఫాలో కూర్చుని, చుట్టంలా మర్యాద అందుకున్న నాకు ఎవరు నిజం చెబుతారు? యాదమ్మ స్టీలు గ్లాసులో పోసి ఇచ్చిన కాఫీ తాగి, నా సంచీ పట్టుకుని, మిగతా మూడిళ్ళకూ వెళ్ళాను, ఈసారి వెనక గుమ్మాలకి. నిర్మాత ఇంట్లో యాదమ్మ చెల్లెలే వంటమనిషి. అక్కడ రెండు ఫిల్టర్లు. ఎడిటరు ఇంట్లో ఒకటి. నటుడి ఇంట్లో మాత్రం నిజంగా సీసాయే. ఆయన ఒంటరివాడు, నీళ్ళు కాచుకోవడమే గొప్ప.

పరుగున బూత్ దగ్గరకొచ్చాను. అయిదింటికి లైను బిజీ. అయిదుంపావుకి బిజీ. "తెనాలి లైన్లన్నీ గట్లనే ఉన్నయ్ సార్, ఫికర్ జెయ్యకు," అన్నాడు బూత్ ఆయన. ఫికర్ చెయ్యక! ఆరింటికి లైను కలిసింది, మిల్లు మూసేశారు. రింగు అయ్యీ అయ్యీ ఆగిపోయింది.

ఎర్రగడ్డ చేరి సుబ్బారావు మీద విరుచుకుపడ్డాను. "నీ ఇంట్లో ఏం తాగుతారో నిజం చెప్పి చావు!"

"ఫిల్టరేరా," అన్నాడు తల గోక్కుంటూ.

"మొదటిరోజే అన్నయ్యగారికి స్టీలు గ్లాసులో ఇస్తే ఏమనుకుంటారోనని..." అంది సరళ. చేతులెత్తి దణ్ణం పెట్టాను తల్లికి.

మర్నాడు తెల్లవారుతూనే బండెక్కాను. ఇదే పని మీద ఎవరైనా హైదరాబాద్ వెళ్తే నా మాట వినండి: పాత చొక్కా వేసుకోండి, వెనక గుమ్మం నుంచి వెళ్ళండి. పది గంటలకు బండి ఖమ్మం దగ్గర సిగ్నల్ లేక ఆగింది. ఈపాటికి చీరాల ఆయన మరని లారీ ఎక్కిస్తూ ఉంటాడు. నాన్నగారి చెయ్యి పట్టి నున్నబడిన ఆ పిడి గుర్తొచ్చి, బండి కదిలేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను.

రెండున్నరకి తెనాలిలో దిగితే, అన్నయ్య ప్లాట్‌ఫారం మీద మొహం గంటు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మర వెళ్ళిపోయిందా?"

"ఎక్కడికి వెళ్తుంది, నా శ్రాద్ధం! బేరం కుదిరింది. ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. ఇంతలో మీ వదిన కాఫీ తెచ్చింది."

"ఎందులో?"

"కప్పూ సాసరులో. ఆయన ఒక్క గుక్క తాగి, 'కాఫీ మర ఉన్న ఇంట్లోనే సీసా కాఫీ తాగుతుంటే, ఈ మర కొని నేనేం చేసుకోనండీ?' అని లేచి వెళ్ళిపోయాడు."

నాకు నవ్వాగలేదు. ప్లాట్‌ఫారం మీదే కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. "మనింట్లో ఆ సీసా ఎప్పట్నుంచి ఉందిరా?"

"రెండేళ్ళయింది. వచ్చిపోయేవాళ్ళ కోసం," అన్నాడు విసుగ్గా.

అంటే నేను దుమ్ము తిని, కడుపు మండించుకుని, ఊరుగాని ఊరిలో వెతికినది మా వంటింటి అలమరలో ఉంది. రిక్షాలో ఇంటికి వస్తూ అన్నయ్యకి చిక్కడపల్లి సంగతి చెప్పాను. "అక్కడ కొట్టు అద్దెలు ఎలా ఉన్నాయేంటి?" అని మాత్రం అడిగాడు.

గుమ్మంలో వదిన ఎదురొచ్చింది. "హైదరాబాద్ నుంచి వచ్చిన మనిషివి, అలా కుర్చీలో కూర్చో, కాఫీ తెస్తాను," అంటూ లోపలికి వెళ్ళింది. కప్పులో చెంచా టకటకలాడింది.

నేను కూర్చోలేదు. చెప్పులు విడిచి, గ్లాసు కోసం వంటింట్లోకి నడిచాను.